కొరిశపాడు హైవే మీద విమానం దిగింది సరే, దాని స్పేర్లు ఎవరి చేతిలో ఉన్నాయి?

సత్యనారాయణపురం శీను
శనివారం, రాత్రి 9:14

మొన్న ఒంగోలులో మా పెద్దమ్మ గారింట్లో గృహప్రవేశం ఉంటే బెజవాడ నుంచి కారులో వెళ్లాం. మార్టూరు దాటి మేదరమెట్ల దగ్గరపడుతుండగా కొరిశపాడు వద్ద హైవే తీరే మారిపోతుంది. అప్పటిదాకా మధ్యలో మొక్కలతో నడిచిన డివైడర్ మాయం. తారు పోయి సిమెంటు వస్తుంది. టైర్ల చప్పుడు కూడా మారుతుంది, గమనించారో లేదో. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు అదే వరస. అవసరమైతే విమానాలు దిగేలా కట్టిన రోడ్డు అది.

మావాడికి ఎనిమిదేళ్లు. “నాన్నా, ఇప్పుడు విమానం వస్తే మనం ఎటు పోవాలి?” అన్నాడు. ముందే బండ్లన్నీ పక్కదారి పట్టిస్తార్లేరా అన్నాను. ఊరుకోడు కదా. “ఎవరి విమానం?” అన్నాడు. మనదే అన్నాను. “మనమే చేశామా?” అన్నాడు. అక్కడ నాకు నోట మాట రాలేదు.

ఒంగోలు దాకా అదే ఆలోచన. ఎస్-400 క్షిపణి వ్యవస్థ రష్యాది. తేజస్ మనదే, ఇంజిన్ అమెరికాది. రాఫెల్ ఫ్రాన్సుది. సరిహద్దులో ఎదురుగా నిలబడ్డది చైనా, నా చేతిలో ఫోన్ విడిభాగాలు కూడా చైనావే. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏట్లో పడతామంటారు. మనం మూడు నాలుగు పడవల మీద నిలబడి ఉన్నాం. ఇన్నేళ్లుగా పడకపోవడం తెలివా, అదృష్టమా? అమెరికా, చైనా కొట్టుకుంటున్న ఈ కాలంలో మనం ఎవరో ఒకరి పక్కన గట్టిగా నిలబడాలా, ఇలాగే నెట్టుకురావాలా? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ వద్దు.

బ్రాడీపేట గ్రూప్స్
శనివారం, రాత్రి 9:31

శీను అన్నా, సుఖోయ్ యుద్ధ విమానాలు దిగిన రోడ్డు అది! మన జిల్లాల పక్కనే అలాంటిది ఉండటం గర్వం కదా. ఇక అసలు ప్రశ్నకి. మన దగ్గర అణుబాంబు ఉంది, అగ్ని-5 ఉంది, 5 వేల కిలోమీటర్లు దాటి పోతుంది. 2024 మార్చిలో ఒకే క్షిపణితో అనేక వార్‌హెడ్లు పంపే పరీక్ష కూడా చేశాం. ఇంకా ఎవరి పక్కనో చేరడం ఏంటి? ఒకసారి గట్టిగా చెబితే చైనా అయినా తగ్గాల్సిందే. మనకున్న రోగం మెతకదనం ఒక్కటే.

పొన్నూరు హవల్దార్
శనివారం, రాత్రి 9:58

తమ్ముడూ, ముందు చిన్న దిద్దుబాటు. 2024 మార్చి 18న కొరిశపాడులో సుఖోయ్‌లు, హాక్‌లు బాగా కిందికొచ్చి, నేల తాకకుండా మళ్లీ పైకి లేచిపోయాయి. చక్రాలు ఆనించి దిగింది ఏఎన్-32, డోర్నియర్. రవాణా విమానాలు. అంతకుముందు 2022 డిసెంబరులో కూడా ఒక ట్రయల్ జరిగింది. రోడ్డు పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. యుద్ధం వస్తే శత్రువు ముందు కొట్టేది మన రన్‌వేలనే. అప్పుడు దిగడానికి ఇంకో చోటు ఉండాలని ఇలాంటివి కడతారు. ఎందుకు కట్టారో తెలిస్తే నీ గర్వం ఇంకాస్త పెరుగుతుంది.

ఏఎన్-32 అంటే నాకు ప్రాణం. లేహ్‌కి అందులో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. సీట్లు ఉండవు. గోడ పొడవునా వల అల్లిన బెంచీ లాంటిది ఉంటుంది, దానికి వీపు ఆనించి కూర్చోవాలి. చెవుల్లో దూది. మధ్యలో కూరగాయల బస్తాలు, కిరోసిన్ డబ్బాలు, ఒక్కోసారి ఎవరిదో శవపేటిక. ఆ విమానం రాకపోతే చలికాలంలో పైనున్నవాడికి ఉల్లిపాయ కూడా ఉండదు.

బాంబు సంగతంటావా. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మనవాళ్లు 20 మంది పోయారు. మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు కూడా అందులోనే. అప్పటికే రెండు దేశాల దగ్గరా అణుబాంబులున్నాయి. కొట్టుకున్నది మాత్రం రాళ్లతో, ముళ్ల కర్రలతో. మరి నీ అగ్ని-5 అక్కడ ఏం చేసింది?

బ్రాడీపేట గ్రూప్స్
శనివారం, రాత్రి 10:03

సారీ అంకుల్. దిగాయని ఏదో వీడియోలో చూశాను.

కొత్తపేట లెక్చరర్
శనివారం, రాత్రి 10:40

హవల్దార్ గారూ, మీ ఏఎన్-32 గురించి ఒక్క మాట. శీను గారి అబ్బాయి అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. ఆ విమానం కీవ్‌లో పుట్టింది. సోవియట్ యూనియన్ కాలంలో ఒకే దేశం కాబట్టి రష్యా సరుకు అనుకుంటూ కొన్నాం. 2009లో ఉన్న వందకు పైగా విమానాలను ఆధునీకరించడానికి ఉక్రెయిన్‌తో ఒప్పందం చేసుకున్నాం. మొదటి 40 అక్కడే బాగుచేయించుకొచ్చాం. మిగతావి కాన్పూరులో చేయాలి. 2014లో క్రిమియా గొడవ మొదలై విడిభాగాల రాక చిక్కుల్లో పడింది, పని నత్తనడక పట్టింది. ఎక్కడో నల్లసముద్రం పక్కన ఇద్దరు తన్నుకుంటే మన ఉల్లిపాయల విమానం షెడ్డులో కూర్చుంది.

ఇంతకన్నా చిత్రం ఐఎన్ఎస్ తుషిల్. రష్యాలోని కాలినిన్‌గ్రాద్‌లో కట్టిన యుద్ధనౌక. దాని గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌వి. యుద్ధంలో ఉన్న ఆ ఇద్దరూ ఒకరి సరుకు ఒకరు కొనరు, అమ్మరు. మనమే ఉక్రెయిన్ దగ్గర టర్బైన్లు కొని రష్యా యార్డుకి చేర్చి బిగింపించుకున్నాం. 2024 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. దీన్ని దౌత్యంలో గొప్ప నేర్పు అనొచ్చు. గతిలేక అన్నా తప్పు కాదు. నేను క్లాసులో రెండూ చెబుతాను.

ఆటోనగర్ లేత్
శనివారం, రాత్రి 11:22

షాపు కట్టేసి ఇప్పుడే ఇంటికొచ్చాను. మేడం గారు చెప్పింది మా సందులో రోజూ చూసేదే. ఒక కంపెనీ లారీ, ఇంకో కంపెనీ గేర్‌బాక్సు, మూడోవాడి యాక్సిల్. బండి రోడ్డు మీద ఉన్నంతకాలం ఓనరు మహారాజు. ఆగిందంటే మూడు గడపలు తిరగాలి, అందులో ఇద్దరికి మాటల్లేవు.

రేపు వివరంగా రాస్తాను. కళ్లు మూతలు పడుతున్నాయి.

తేజ టిక్కీ
ఆదివారం, ఉదయం 6:50

గుంటూరు యార్డులో మాది కమీషన్ వ్యాపారం, ఇరవై ఏళ్లుగా. ఇక్కడెవరూ అనని మాట ఒకటి నేనంటాను, తిట్టకండి. మన తేజ రకం మిర్చికి పెద్ద కొనుగోలుదారు చైనా. అక్కడ నూనె తీసే ఫ్యాక్టరీలకి తేజ ఘాటు కావాలి. చైనా ఆర్డరు ఉందన్న మాట పొద్దున్నే యార్డులో పాకితే మధ్యాహ్నానికి పాట పెరుగుతుంది. లేదంటే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీకి పోతాయి, రైతు అక్కడ అద్దె కట్టుకుంటూ కూర్చుంటాడు.

గల్వాన్ అయిన వారం మా వీధిలో కుర్రాళ్లు చైనా బొమ్మల్ని రోడ్డు మీద తగలబెట్టారు. తప్పనను, కడుపుమంట. అదే వారం మా కొట్టుకి వచ్చిన ప్రతి రైతూ అడిగింది ఒకటే, “చైనాకి సరుకు పోతుందా, ఆపేస్తారా?” అని. ఆ రైతుల్లో ఒకాయన కొడుకు అప్పుడు ఆర్మీలో, లద్దాఖ్ వైపే ఉన్నాడు. ఆయన మొహం నాకింకా గుర్తుంది. కొడుకు ప్రాణం ఒక చెయ్యి, పంట ఇంకో చెయ్యి. ఏ చెయ్యి వదలమని చెప్పను?

లెక్క చూస్తే మనం చైనాకి అమ్మేది పిసరంత, కొనేది కొండంత. 2024-25లో తేడా 99 బిలియన్ డాలర్ల పైనే. మిర్చి అమ్మి ఆ తేడా పూడ్చలేమని నాకూ తెలుసు.

కైకలూరు చెరువు
ఆదివారం, ఉదయం 7:35

చైనాని నమ్మొద్దంటే అమెరికాని నమ్ముకోవాలి కదా. మేము నమ్ముకున్నాం. ఆంధ్రా రొయ్యకి అమెరికానే పెద్ద బజారు. 2025 ఆగస్టులో రష్యా చమురు కొంటున్నారని సుంకం 50 శాతానికి ఎత్తారు. ఢిల్లీ రష్యా దగ్గర చమురు కొంటే కైకలూరులో మా బావమరిది చెరువులో రొయ్య ధర పడిపోయింది. మేత బస్తా ధర మాత్రం పైసా తగ్గలేదు. క్వాడ్ అనే నాలుగు దేశాల బృందంలో మన పక్కన కూర్చునే దేశమే ఇది. శీను గారూ, గట్టిగా నిలబడదామంటున్నారు, ఎవరి పక్కన?

బ్రాడీపేట గ్రూప్స్
ఆదివారం, ఉదయం 8:10

అయినా క్వాడ్ అంటే ఆసియా నాటో లాంటిదే కదా? మనమీద దాడి జరిగితే అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా రావాల్సిందే.

కొత్తపేట లెక్చరర్
ఆదివారం, ఉదయం 9:25

నాయనా, పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయి. నాటోలో ఒకరి మీద దాడి అందరి మీదా దాడేనని ఒప్పందంలో ఐదో నిబంధన ఉంది. క్వాడ్‌కి అసలు ఒప్పందమే లేదు. 2007లో మొదలై, చల్లారి, 2017లో మళ్లీ లేచింది. నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటారు. మలబార్ పేరుతో నౌకా విన్యాసాలు చేస్తారు, 2024 అక్టోబరులో విశాఖలోనే జరిగాయి. నలుగురిలో చైనాతో భూసరిహద్దు ఉన్నది మనకొక్కరికే. 3,488 కిలోమీటర్లు. మిగతా ముగ్గురికీ మధ్యలో సముద్రం ఉంది. అందుకే వాళ్ల తొందర వేరు, మన తొందర వేరు.

శీను గారు అడిగిన ‘ఎవరి పక్కన’ అన్న ప్రశ్న కొత్తది కాదు. 1962 నవంబరు 19న నెహ్రూ కెన్నెడీకి ఉత్తరం రాశారు, 12 స్క్వాడ్రన్ల యుద్ధ విమానాలు పంపమని. అలీనోద్యమానికి పెద్దదిక్కు అనుకున్న మనిషి! రెండు రోజులకే చైనా తనంతట తాను కాల్పులు ఆపేసింది కాబట్టి ఆ ఉత్తరం అంతటితో ఆగింది. తొమ్మిదేళ్లకి ఇందిర ఇంకోలా చేశారు. యుద్ధం రాకముందే, 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో స్నేహ ఒప్పందం మీద సంతకం. డిసెంబరులో అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ నౌకని బంగాళాఖాతం వైపు పంపినప్పుడు ఆ సంతకం పనికొచ్చింది. 1962లో కొంప మునిగాక అడిగాం, 1971లో మునగకముందే మాట్లాడుకున్నాం.

నా మటుకు నేను ఇంకో కూటమి వైపు మొగ్గను. కానీ ఏ కూటమిలోనూ ఉండను అనేవాడు ఇంట్లో సరుకు నింపుకోవాలి. మనం మాట అన్నాం గానీ సరుకు నింపుకోలేదు. నా కోపం అక్కడే.

కృష్ణలంక కబుర్లు
ఆదివారం, ఉదయం 9:40

1971 అంటే గుర్తొచ్చింది. మా మేనత్త అప్పుడు విశాఖలో కొత్త కాపురం. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడుకి కిటికీలు అదిరాయట. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడే మునిగిందని తరవాత తెలిసింది. అప్పటికే కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటించుకుని ఉన్నారట. మైదాతో అంటించారు, ఆ మరకలు వాళ్లు ఇల్లు మారేదాకా పోలేదని ఇప్పటికీ చెబుతుంది.

ఆటోనగర్ లేత్
ఆదివారం, ఉదయం 11:05

రాత్రి రాస్తానన్నది ఇప్పుడు. కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

తేజస్ సంగతి. 2021 ఫిబ్రవరిలో 83 మార్క్-1ఎ విమానాలకి ఆర్డరిచ్చారు, దాదాపు 48 వేల కోట్లు. మొదటిది 2024 మొదట్లో రావాలి. 2021లోనే అమెరికా జీఈ కంపెనీకి 99 ఎఫ్-404 ఇంజిన్లకి ఆర్డరు పెట్టారు. ఆ ఆర్డరులో మొదటి ఇంజిన్ వచ్చింది 2025 మార్చిలో. బాడీలు షెడ్డులో వరసగా నిలబడి ఇంజిన్ కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో లారీ బాడీ కట్టేవాడిని అడగండి. పెయింటు కూడా అయిపోతుంది, ఛాసిస్ రాదు. ఈలోగా 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు రిటైరయ్యాయి. వాయుసేనకి 42 స్క్వాడ్రన్ల యుద్ధ విమానాలు ఉండాల్సింది 29కి వచ్చాం. దానికి ఒక్క రోజు ముందే ఇంకో 97 తేజస్‌లకి 62,370 కోట్ల ఆర్డరు సంతకమైంది. సంతకాలకి కొదవ లేదు.

మరి ఇంజిన్ మనమే చేసుకోలేమా? కావేరి ఇంజిన్ 1989లో మంజూరైంది. 2008కి వచ్చేసరికి తేజస్‌కి ఇది సరిపోదని పక్కన పెట్టారు. నేను పాలిటెక్నిక్ చదివేటప్పుడు దీని గురించి విని నవ్వుకున్నాను, మనోళ్లకి చేతకాదని. లేత్ మీద ఇరవై ఏళ్లు పనిచేశాక నవ్వడం మానేశాను.

ఎందుకో చెబుతాను. జెట్ ఇంజిన్‌లో మంట వచ్చే చోట వెనకాల తిరిగే రెక్కలుంటాయి, టర్బైన్ బ్లేడ్లు. అరచేతిలో పట్టేంత. అక్కడికొచ్చే గాలి వేడి ఆ లోహం కరిగే వేడి కన్నా ఎక్కువ. అంటే మామూలుగా అయితే మైనంలా కారిపోవాలి. కారకుండా ఉండటానికి బ్లేడు లోపల డొల్లగా చేసి, ఒంటి నిండా సూదిబెజ్జాలు వేసి, వాటిలోంచి చల్లగాలి పంపుతారు. ఆ గాలి బ్లేడు చుట్టూ పల్చటి దుప్పటిలా కప్పుకుంటుంది. ఇక లోహం. మామూలు పోత పోస్తే లోపల రవ్వలు రవ్వలుగా గడ్డకడుతుంది, చక్కెర పలుకుల్లా. ఆ రవ్వల మధ్య అతుకులే వేడికి ముందు విడిపోతాయి. అందుకని బ్లేడు మొత్తం ఒకే పలుకుగా గడ్డకట్టేలా పోస్తారు. అచ్చుని కొలిమిలోంచి ఎంత వేగంతో కిందికి దించాలి, ఎక్కడ ఎంత చల్లబరచాలి, ఇదంతా పుస్తకంలో ఉండదు. ఉన్నవాడు చెప్పడు. వెయ్యి బ్లేడ్లు పాడుచేసుకుంటే చేతికొచ్చే విద్య ఇది.

మా సందులో ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు, ఇప్పుడు లేడు. అరిగిన క్రాంక్‌షాఫ్ట్ మీద గోరు పెట్టి లాగి “ఇంకా రెండు నూళ్లు తియ్యి” అనేవాడు. మైక్రోమీటర్ పెట్టి చూస్తే అంతే ఉండేది. ఆయన చెయ్యి తయారవ్వడానికి ముప్పై ఏళ్లు, వందల షాఫ్టుల నష్టం పట్టింది. ఆ నష్టం ఎవరు భరించారు? ఆయన మొదటి యజమాని. దేశం కూడా అలా ఒక యజమానిలా నష్టం భరించాలి. మనం మూడో షాఫ్టు పాడవగానే పనోణ్ని తిట్టి, బయట కొందాంలే అంటాం.

రాకెట్లకి వాడే క్రయోజెనిక్ ఇంజిన్ విషయంలో మాత్రం అలా అనలేదు. 1990ల్లో రష్యా ఆ టెక్నాలజీ ఇస్తానంది, అమెరికా అడ్డుపడింది. ఏడు ఇంజిన్లు మాత్రం ఇచ్చి టెక్నాలజీ ఆపేశారు. ఇస్రో వాళ్లు మధ్యలో ఒకటి పాడై సముద్రంలో పడినా ఆపలేదు. 2014 జనవరి 5న సొంత ఇంజిన్‌తో జీఎస్ఎల్‌వీ ఎగిరింది. ఇరవై ఏళ్లు పట్టింది, పట్టనిచ్చారు.

సుఖోయ్ ఇంజిన్లు ఒడిశాలో కోరాపుట్‌లో చేస్తున్నాం కదా అంటారు. నిజమే, 2024 సెప్టెంబరులో 240 ఇంజిన్లకి 26 వేల కోట్ల ఒప్పందమైంది. మంచిదే. కానీ డిజైన్ రష్యాది. పక్కవాడి వంట పుస్తకం చూసి వండినట్టు. రుచి మార్చాలంటే వాణ్నే అడగాలి.

తేజ టిక్కీ
ఆదివారం, ఉదయం 11:30

తమ్ముడూ, నూళ్లు అంటే ఏమిటో మాకు తెలియదు గానీ నువ్వు చెప్పింది మాత్రం బోధపడింది.

ఆటోనగర్ లేత్
ఆదివారం, ఉదయం 11:34

సెంటీమీటర్లో పదోవంతుకి పదోవంతు అనుకోండి అన్నా, అంటే మిల్లీమీటర్లో పదోవంతు. మా వీధి భాష.

పొన్నూరు హవల్దార్
ఆదివారం, మధ్యాహ్నం 1:15

లేత్ తమ్ముడికి దణ్ణం. నేను శతఘ్ని దళంలో పనిచేశాను. 1999లో ద్రాస్‌లో బోఫోర్స్ గన్ మీద ఉన్నాను. 155 మిల్లీమీటర్ల గుండు 43 కిలోలు. ఆ ఎత్తులో గాలి పల్చన, పది గుండ్లు ఎత్తేసరికి గుండె నోట్లోకి వస్తుంది. గన్ బంగారం, దాన్ని ఒక్క మాట అననివ్వను. కానీ దాన్ని కొన్న గొడవతో కంపెనీని బ్లాక్‌లిస్టులో పెట్టారు, స్పేర్లు ఆగిపోయాయి. ఒకదాని పార్టు విప్పి ఇంకోదానికి పెట్టుకునే పరిస్థితి సైన్యంలో ఉండేది. ఉన్నవాటితోనే పోరాడతామని అప్పటి ఆర్మీ చీఫ్ మాలిక్ గారు బాహాటంగానే అన్నారు. అన్నమాట నిలబెట్టాం. కానీ ఆ మాట అనాల్సిన అవసరం రాకూడదు కదా.

గెలిచాం కాబట్టి అందరూ ఫొటోలు గుర్తుపెట్టుకున్నారు. విప్పిన గన్లు ఎవరికీ గుర్తులేవు.

నందిగామ లెక్కలు
ఆదివారం, మధ్యాహ్నం 2:02

అన్నీ బాగానే ఉన్నాయి, డబ్బేదండీ? 2025-26లో రక్షణకి 6.81 లక్షల కోట్లు ఇచ్చారు. అందులో పెన్షన్లకే 1.60 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు వగైరా కొనడానికి 1.80 లక్షల కోట్లు. అంటే పాతవాళ్లకి ఇచ్చేది, కొత్త సరుకుకి పెట్టేది దాదాపు సమానం. చైనా అదే ఏడాది ప్రకటించింది 1.78 ట్రిలియన్ యువాన్లు, మనదానికి మూడింతలు. పెన్షన్ బిల్లు తగ్గించకుండా ఇంజిన్లు, జలాంతర్గాములు అంటే ఎక్కడి నుంచి వస్తాయి? సైన్యంలో నాలుగేళ్ల కొలువుల పథకం అగ్నిపథ్ తెచ్చింది అందుకేనంటారు.

పొన్నూరు హవల్దార్
ఆదివారం, మధ్యాహ్నం 2:20

లెక్కల బాబూ, నా పెన్షన్ నీకు ఇంజిన్‌లా కనబడుతోందా? 35, 40 ఏళ్లకే ఇంటికి పంపేస్తే మిగతా బతుకంతా ఏం తినాలి?

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఉంది, మిలటరీ మాధవరం అంటారు. అక్కడ ఇంటికొకరు సైన్యంలో ఉంటారు. ఆ ఊళ్లో పెన్షన్ వచ్చే ముసలాయన్ని చూసి మనవడు పరుగు మొదలెడతాడు. నాలుగేళ్ల తరవాత నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపిస్తే, చేతికి పదకొండు పన్నెండు లక్షలు ఇచ్చినా, మనవడు పరిగెడతాడా లేదా అన్నది ఇంకో పదేళ్లకి తెలుస్తుంది. గన్ మీద చెయ్యి కుదరడానికే రెండేళ్లు పడుతుంది. లేత్ తమ్ముడు చెప్పిన మిస్త్రీ లెక్కే ఇదీ.

నందిగామ లెక్కలు
ఆదివారం, మధ్యాహ్నం 2:41

క్షమించండి, మిమ్మల్ని అనలేదు. మాకు అంకెలే కనబడతాయి, మీరు వాటి వెనక మనిషిని చూస్తారు. కానీ అంకె అబద్ధం కాదు.

అడ్మిన్
ఆదివారం, మధ్యాహ్నం 3:00

అగ్నిపథ్ మీద వచ్చిన పదకొండు కామెంట్లు తీసేశాను. ఒక్కదాంట్లోనూ అగ్నిపథ్ లేదు, పార్టీలే ఉన్నాయి. మొదట్లోనే శీను గారు వద్దన్నారు.

దివిసీమ గాలి
ఆదివారం, సాయంత్రం 4:30

మాది నాగాయలంక వైపు. గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రం వస్తుందని ఏళ్ల తరబడి వింటున్నాం. ఒకవైపు మడ అడవి, కృష్ణా అభయారణ్యం. ఇంకోవైపు సముద్రం. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం. 1977 ఉప్పెనలో ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయిన నేల, కాబట్టి ప్రభుత్వం వచ్చి ఏదైనా కడతానంటే మా పెద్దలు ముందు అడిగేది రోడ్డు వస్తుందా అని. తుపానుకి పారిపోవడానికి పనికొస్తుంది.

కేంద్రం వద్దనేవాళ్లు మా ఊళ్లో తక్కువ. మా బాబాయి వేటకి వెళతాడు. ఆయన అడిగేది ఒకటే: పరీక్ష పెట్టే రోజున సముద్రంలోకి వెళ్లొద్దంటారు కదా, అది ఎన్ని రోజులు ముందు చెబుతారు, ఆ రోజు కూలి సంగతేంటి? చూడ్డానికి చిన్న ప్రశ్న. పెద్ద పెద్ద వ్యూహాల్లో ఇలాంటిదానికి చోటుండదు. ఇదే నేలమీద రేపు క్షిపణి లేచినప్పుడు టీవీలో చప్పట్లు కొడతారు, వల ఎండబెట్టుకుని కూర్చున్న మనిషి కనబడడు.

మా పక్కనే మచిలీపట్నంలో బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ, అద్దాలు, సూక్ష్మదర్శినులు చేసేవాళ్లు. బెల్ తీసుకున్నాక రాత్రిపూట కనబడే దుర్బిణీలు, సైనికుల కోసం. మా మావయ్య అక్కడ లెన్సు రుద్దే పనిలో చేరి అక్కడే రిటైరయ్యాడు. లేత్ అన్న చెప్పిన ‘చెయ్యి’ ఆయనకీ ఉండేది. పెళ్లిళ్లలో వేరేవాళ్ల కళ్లజోళ్లు లాక్కుని ఎండకి పెట్టి చూసి బాగా రుద్దలేదనేవాడు.

సత్యనారాయణపురం శీను
ఆదివారం, రాత్రి 8:15

అందరివీ రెండుసార్లు చదివాను. నేను అడిగిన ప్రశ్నే తప్పేమో అనిపిస్తోంది. ఎవరి పక్కన నిలబడాలి అన్నాను. మీరంతా నిలబడటానికి కాళ్లున్నాయా అని చూస్తున్నారు.

మేడం గారూ, ఒక సందేహం. పాకిస్తాన్ సంగతేంటి మరి? వాళ్లు ఒకే పడవలో కూర్చున్నారు కదా.

కొత్తపేట లెక్చరర్
ఆదివారం, రాత్రి 9:10

మంచి ప్రశ్న, నాకు ఇష్టం లేని ప్రశ్న కూడా. 2020 నుంచి 2024 వరకు పాకిస్తాన్ దిగుమతి చేసుకున్న ఆయుధాల్లో 81 శాతం చైనావి. మనకి రష్యా వాటా 2010-14లో 55 శాతం ఉండేది, 2020-24కి 36 అయింది. మనం నలుగురి దగ్గరా కొంటున్నాం, వాళ్లు ఎక్కువగా ఒకరి దగ్గరే. బేరం చేయడానికి మన పద్ధతి మంచిది, ఎవడూ మన గొంతు మీద కాలు పెట్టలేడు. యుద్ధం రోజున మాత్రం వాళ్లకో సుఖం ఉంది. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు చూశాం. విమానం జె-10సీ, దానికింద పీఎల్-15 క్షిపణి, రెండూ చైనావే. ఒకే ఇంటి సరుకు కాబట్టి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం సులువు. పీఎల్-15 ముక్కలు పంజాబ్‌లో హోషియార్‌పూర్ పొలాల్లో దొరికాయి.

మన దగ్గర రాఫెల్, సుఖోయ్, మిరాజ్, జాగ్వార్, మిగ్-29, తేజస్. వేరువేరు ఇళ్ల నుంచి వచ్చిన కోడళ్లు ఒకే వంటింట్లో. వాటన్నిటినీ కలిపి కుట్టే పని మనమే చేసుకోవాలి. ఆ కుట్టుపని మనవాళ్లు బాగా చేశారు, అది ఒప్పుకోవాలి. గగనతల రక్షణకి వాడే ఆకాశ్‌తీర్ అనే వ్యవస్థ బెల్ చేసిందే. రాడార్లు చూసినదాన్నంతా ఒకచోట చేర్చి, ఏ గన్ దేన్ని కొట్టాలో చెబుతుంది. ఎక్కడ కొన్న సరుకైనా దాన్ని నడిపించే బుర్ర మనదై ఉండటం చిన్న విషయం కాదు.

అంటే బుర్ర కుదిరింది, గుండె కుదరలేదు. గుండె అంటే లేత్ గారు చెప్పిన ఇంజిన్. 2025 ఆగస్టులో రాజ్‌నాథ్ సింగ్ గారు ఫ్రాన్స్ సఫ్రాన్ కంపెనీతో కలిసి కొత్త జెట్ ఇంజిన్ చేస్తామన్నారు. మంచిదే. లేత్ గారూ, మీరేమంటారు?

ఆటోనగర్ లేత్
ఆదివారం, రాత్రి 10:48

ఒక్కటే చూస్తాను మేడం. ఆ బ్లేడు పోత పోసేటప్పుడు మనవాడు కొలిమి దగ్గర ఉంటాడా, గాజు అద్దం బయట ఉంటాడా. కొలిమి దగ్గరైతే ఎంత డబ్బిచ్చినా లాభమే. బయటైతే ఇంకో కోరాపుట్.

ఇంకో సంగతి. 2025 ఏప్రిల్లో చైనా అయస్కాంతాల మీద ఆంక్షలు పెట్టింది, అరుదైన లోహాలతో చేసేవి. నెల తిరక్కుండా మా దగ్గరికి ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లు బాగుచేయమని తెచ్చేవాళ్లు పెరిగారు. కొత్త మోటారు దొరకడం లేదు, పాతదే తిప్పమని. ఆ అయస్కాంతం అగ్గిపెట్టెలో పట్టేంత. క్షిపణుల్లో కూడా ఇలాంటివే ఉంటాయి. ఆ ఖనిజం మన ఆంధ్రా తీరం ఇసుకలోనే ఉంది, మోనజైట్ అంటారు. థోరియం ఉంటుందని ప్రభుత్వం చేతిలోనే ఉంచారు. ఇసుక మనది, దాన్ని లోహం చేసి అయస్కాంతంగా మార్చే కార్ఖానాలు వాళ్లవి. మా వీధిలో ఈ మాట చెబితే ఒకతను అన్నాడు, “అంటే తాలు మనకి, తేజ వాళ్లకి” అని. మిర్చి అన్నకి అర్థమవుతుంది.

తేజ టిక్కీ
ఆదివారం, రాత్రి 10:55

అర్థమైంది తమ్ముడూ. నవ్వొచ్చింది, బాధేసింది.

బ్రాడీపేట గ్రూప్స్
ఆదివారం, రాత్రి 11:20

లేత్ అన్నా, నిన్నటి నుంచి ఈ చర్చ చదువుతూ ఒక పేజీ చదువు కూడా సాగలేదు. రక్షణ రంగం మీద నోట్సు ఉంది నా దగ్గర, నూట ఇరవై పేజీలు. అందులో బ్లేడు గురించి ఒక్క లైను లేదు. నేను గుంటూరు నుంచి వస్తే మీ షాపులో ఒకసారి చూడొచ్చా? బ్లేడు కాదు, ఊరికే లేత్ ఎలా తిరుగుతుందో. ఇప్పటిదాకా దగ్గర్నుంచి చూడలేదు.

ఆటోనగర్ లేత్
ఆదివారం, రాత్రి 11:31

రా. ఆదివారం మూత, మిగతా రోజుల్లో ఎప్పుడైనా. మధ్యాహ్నం రాకు, అప్పుడు లారీ వాళ్లు నెత్తిన కూర్చుంటారు. వదులు చొక్కా వేసుకోకు, చేతులు మడుచుకో, గుడ్డ లేత్‌కి చిక్కిందంటే లాగేస్తుంది. చేతికి దారాలు, కంకణాలు ఉంటే తీసేసి రా. ఆ పాత మిస్త్రీ మైక్రోమీటర్ నా దగ్గరే ఉంది, చూపిస్తాను.

సత్యనారాయణపురం శీను
సోమవారం, ఉదయం 7:05

లేత్ గారూ, మావాణ్ని కూడా తీసుకురావచ్చా? ఎనిమిదేళ్లే. దూరంగా నిలబెడతాను.